క్లచ్ మీద కాలు

నలభై ఏళ్లు దాటిన బండ్లన్నీ దేశ వారసత్వ సంపద అని మా జిల్లా రవాణా కార్యాలయానికి ఒక సోమవారం పొద్దున పదకొండు గంటలకు తెలిసింది. అంతకు ముందు శుక్రవారం దాకా అవి తుక్కు. తుక్కు కింద తూకానికి వెయ్యండని ఇంటింటికీ నోటీసులు పంపింది కూడా ఈ కార్యాలయమే. మధ్యలో శని, ఆదివారాలు వచ్చాయి. ఆ రెండు రోజుల్లో పై అధికారి ఒకాయన ఎక్కడో పాత కార్ల ప్రదర్శనకు వెళ్లి, ఒక కారు పక్కన నిలబడి ఫొటో దిగి, చిన్నతనం గుర్తొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. సోమవారానికి సర్క్యులర్ వచ్చేసింది.

దాని పేరు 'పురాతన వాహన మూలరూప పరిరక్షణ.' పద్దెనిమిది పేజీలు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాణ్ణి మా ఊళ్లో నేనొక్కణ్ణే, ఆ ఆఫీసు వాళ్లను కలుపుకుని. పద్దెనిమిది పేజీల్లో ఉన్నది ఒకటే ముక్క. పాత బండి కంపెనీ గేటు లోంచి ఎట్లా బయటికొచ్చిందో ఈరోజుకీ అట్లాగే ఉండాలి. ఉన్నది తియ్యకూడదు, లేనిది పెట్టకూడదు.

సరిగ్గా అదే వారం మేకల జోజి తన అంబాసిడర్‌ను ఆ ఆఫీసుకు తీసుకెళ్లాడు.

జోజి మా టాక్సీ స్టాండులో అందరికన్నా పాత డ్రైవరు. ఆ స్టాండు యూనియన్ పనులు చూసేది నేను. ముప్ఫై నాలుగేళ్లుగా ఒకటే బండి. డెబ్భై తొమ్మిది మోడల్, తెల్లది. నిరుడు ఎండాకాలం షుగరు వ్యాధి అతని ఎడమ పాదాన్ని తినేసింది. పెద్దాసుపత్రిలో మోకాలి కింద జానెడు ఉంచి తీసేశారు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక జోజి అడిగిన మొదటి మాట, "బండి రోజూ స్టార్టు చేసి పెడతన్నారా?"

ఎడమ పాదం పోయినా మనిషి చాలా పనులు చేసుకోవచ్చు. గేర్ల బండి మాత్రం తోలలేడు. క్లచ్ నొక్కేది ఎడమ కాలే. కిళ్లీ బడ్డీ పెట్టుకోమన్నారు కొందరు. చర్చి దగ్గర వాచ్‌మన్‌గా పెట్టిస్తామన్నారు ఇంకొందరు. అందరికీ ఊఁ అన్నాడు. ఎవరి దగ్గరికీ పోలేదు. పొద్దున్నే లేచి పెరట్లో బండి తుడిచి, తలుపు తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చునేవాడు. మధ్యాహ్నం అన్నానికి దిగేవాడు.

అది చూడలేక ఆటోనగర్ మెకానిక్ మస్తాన్ వలీ ఒకరోజు అన్నాడు.

"కాలు లేదని ఏడుస్తన్నావుగానీ జోజన్నా, అసలు క్లచ్చే లేకుండా చేస్తే?"

"గేర్లెట్టా పడతయ్‌రా?"

"అయ్యే పడతయ్. ఆటోమేటిక్ డబ్బా వేద్దాం."

తుక్కు కొట్లో చచ్చిపడున్న ఒక విదేశీ కారు లోంచి ఆటోమేటిక్ గేరుబాక్సు ఊడదీసుకొచ్చాడు మస్తాన్. అంబాసిడర్ ఇంజను వెనక భాగానికీ ఆ డబ్బా ముఖానికీ ఎక్కడా పొత్తు కుదరలేదు. మధ్యలో పెట్టడానికి ఒక ఇనుప పలక కోయించి, దాన్ని లేతు మిషను మీద నాలుగుసార్లు తిప్పించాడు. బండి అడుగు రేకు కోసి ఎత్తు పెంచాడు. వెనక చక్రాలకు పోయే షాఫ్టును నాలుగు వేళ్లు పొట్టి చేశాడు. నలభై రోజులు పట్టింది. చివరి రోజు ఆటోనగర్ రోడ్డు మీద జోజి బండెక్కి కుడి కాలితో యాక్సిలేటర్ నొక్కాడు. బండి దానంతట అదే ఫస్టు లోంచి సెకండుకూ, సెకండు లోంచి థర్డుకూ మారింది. మూడు రౌండ్లు కొట్టాడు. దిగమంటే దిగడు.

షెడ్డు ముందు నిలబడి చూస్తున్న అతని భార్య రాహేలు నాతో అంది. "పెళ్లిలో గూడా ఇంత నవ్వు మొకం పెట్టలా ఈయన."

బండిలో ఇంత మార్పు చేస్తే రిజిస్ట్రేషను కార్డులో ఎక్కించాలి. ఎక్కించకపోతే బండి రోడ్డెక్కకూడదు. చట్టం కదా అని వెళ్లాం. తప్పు అదే.

బండ్లను పరీక్ష చేసే అధికారిని మా వైపు బ్రేక్ ఇన్‌స్పెక్టరు అంటారు. ఈయన పేరు శ్రీకంఠం గారు. లంచం ముట్టడు. ముట్టేవాడైతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. జోజి బండి చూడగానే ఆయన ముఖం వెలిగింది. బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"ఇది వాహనం కాదయ్యా. చరిత్ర," అన్నాడు.

తర్వాత డ్రైవరు తలుపు తీసి, వంగి, లోపల వేలు పెట్టి లెక్కపెట్టాడు. రెండు. అటుపక్క తలుపు లోంచి వంగి మళ్లీ లెక్కపెట్టాడు. అప్పుడూ రెండే.

"మూడో పెడల్ ఏది?"

"దాంతో పని లేదు సార్. ఆటోమేటిక్ చేయించా. నాకు కాలు లేదుగా."

"నీకు కాలు లేకపోవడం నీ వ్యక్తిగత విషయం. దీనికి పెడల్ లేకపోవడం ప్రజా విషయం."

నేను అక్కడికక్కడే అర్జీ రాసిచ్చాను. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. 'సదరు వాహనపు మూలరూపమునందు పాదచాలిత నియంత్రణ సాధనములు మూడు గలవు. ప్రస్తుతము రెండు మాత్రమే గలవు. లోపించిన సాధనమును యథాస్థానమున ప్రతిష్ఠించిన పిమ్మట తమ విన్నపము పరిశీలనార్హమగును.'

మస్తాన్ పాత క్లచ్ పెడల్‌ను చెత్త డబ్బా లోంచి వెతికి తీశాడు. ఒక స్ప్రింగు పెట్టి, ఉన్నచోటే వెల్డింగు చేశాడు. నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. వెనకాల తీగ లేదు, గొట్టం లేదు. గాలి ఉంది.

బండి మళ్లీ ఆఫీసుకు తీసుకెళ్లాం. శ్రీకంఠం గారు పెడల్‌ను అరచేత్తో నొక్కి చూసి తృప్తిపడ్డాడు. రేకు కింద దాగిన కొత్త డబ్బా ఆయన లెక్కలోకి రాలేదు.

"ఇప్పుడు ఇది సంపూర్ణ వాహనం. ఇక నువ్వు తోలి చూపించు. క్లచ్ నొక్కుతూ."

జోజి నా వంక చూశాడు. నేను అడిగాను. "అది దేనికీ తగిలించి లేదు సార్. నొక్కినా ఒకటే, నొక్కకపోయినా ఒకటే."

"ఒకటే అయినప్పుడు నొక్కడానికి అభ్యంతరం ఏమిటి?"

నేను అర్జీల మీద అర్జీలు రాసినవాణ్ణి. పోలీసు స్టేషన్లో, కలెక్టరు బంగళా ముందు నోరు మూయనివాణ్ణి. ఆ ప్రశ్న వినగానే మాత్రం పద్దెనిమిది పేజీలూ మళ్లీ తిరగేశాను. నొక్కనక్కర్లేదని ఎక్కడా లేదు.

"అమర్చిన నియంత్రణను వినియోగించకపోవడం నిర్లక్ష్య చోదనం కిందికి వస్తుంది," అన్నాడాయన మెత్తగా. "నాకేం సరదా కాదు."

"కుడి కాలుతో నొక్కుతా సార్," అన్నాడు జోజి.

"కుడి కాలు బ్రేకుకు, యాక్సిలేటరుకు. ఎవరి విధులు వాళ్లకు కేటాయించి ఉన్నాయి. కుడి కాలును ఎడమ కాలి పోస్టులో డిప్యుటేషన్ మీద వేసే అధికారం నాకు లేదు."

అప్పటిదాకా గోడ నీడలో కూర్చున్న రాహేలు లేచి వచ్చింది. "ఎడం కాలేగా కావాల్సింది. నాకుంది. నేను నొక్కుతా."

శ్రీకంఠం గారు సర్క్యులర్ తిరగేశాడు. నొక్కేవాడు ఫలానావాడే అయ్యుండాలని పద్దెనిమిది పేజీల్లో లేదు. సరే అన్నాడు.

అంబాసిడర్‌లో ముందు సీటు ఒకటే బెంచీ. అది అదృష్టం. రాహేలు జోజి పక్కకు జరిగి, ఒళ్లంతా మెలిదిప్పి ఎడమ కాలు పెడల్ మీద పెట్టింది. గేరు ఎప్పుడు మారుతుందో ఆవిడకు తెలియాలి కనుక జోజి పైకి చెప్పాలన్నాడు ఇన్‌స్పెక్టరు. గేరు మారేది జోజికీ తెలియదు. బండికి తెలుసు. అయినా జోజి ఆవరణ చుట్టూ తోలుతూ "ఫస్టు... సెకండు... థర్డు..." అని అరిచాడు. అరిచినప్పుడల్లా రాహేలు నొక్కింది. లైసెన్సుల కోసం వచ్చిన జనమంతా నిలబడి చూశారు. శ్రీకంఠం గారు అట్ట మీద కాగితం పెట్టుకుని టిక్కులు కొట్టుకుంటూ పక్కనే నడిచాడు.

"ఒక్క నొక్కుడూ తప్పలేదమ్మా," అని మెచ్చుకున్నాడు.

ఫైలు న్యాయ విభాగానికి పోయింది. తిరిగి రావడానికి నెలా పది రోజులు. 'ఒక వాహనమునకు ఒక చోదకుడే యుండవలెను. అన్యుల పాదముతో నడుపుట సమ్మతము కాదు. భార్యాభర్తల పాదములు ఉమ్మడి ఆస్తిగా పరిగణింపబడవు.'

శ్రీకంఠం గారు చదివి వినిపించాడు. రాహేలు నింపాదిగా విన్నది.

"ఈయన పుండు ఆర్నెల్లు కడిగింది నేనయ్యా. ఈయన మలం మూత్రం ఎత్తింది నేను. అయ్యన్నీ ఉమ్మడేనా? కాలొక్కటే వేరా?"

"అవి మా శాఖ పరిధిలోకి రావమ్మా," అన్నాడాయన. నిజంగానే బాధగా అన్నాడు.

ఇంతలో ఒక సేవా సంఘం వాళ్లు పక్క ఊళ్లో శిబిరం పెట్టి కృత్రిమ కాళ్లు పంచారు. జోజికి ఒకటి దొరికింది. రబ్బరు పాదం, చామనచాయ రంగు. వేళ్లు కూడా ఉన్నాయి. మూడు వారాలు గోడ పట్టుకుని తిరిగాడు. నాలుగో వారం గోడ వదిలాడు. ఒక సాయంత్రం ఎవరి భుజం మీదా చెయ్యి వేయకుండా వీధి చివర టీ కొట్టు దాకా నడిచి, టీ తాగి, వెనక్కి నడిచొచ్చి గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు.

మర్నాడు ఆ కాలు వేసుకుని, ప్యాంటు ఇస్త్రీ చేయించుకుని, ఆఫీసు గేటు నుంచి నడిచే లోపలికి పోయాడు.

"ఇదిగో సార్. ఎడం కాలు. నాదే."

శ్రీకంఠం గారు సంతోషంతో కుర్చీ లోంచి లేచాడు. ఆయనకు జోజి మీద కోపం ఎప్పుడూ లేదు. ఈ దేశంలో ఎవరికీ ఎవరి మీదా కోపం లేకుండానే ఇదంతా జరుగుతుంది.

పరీక్ష మళ్లీ మొదలైంది. జోజి ఎడమ తొడ ఎత్తి రబ్బరు పాదాన్ని పెడల్ మీద వేశాడు. నొక్కాడు, తీశాడు, నొక్కాడు. ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చుని పాదాన్నే చూస్తున్నాడు. ముందు రోడ్డును చూసింది వెనక సీట్లో ఉన్న నేనే. ఆవరణ మలుపులో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. బండి ఎగిరింది. రబ్బరు పాదం జారి పక్కకు పడింది. దానికి స్పర్శ లేదు కనుక జోజికి తెలియలేదు. బండికి అసలే తెలియలేదు. హాయిగా పోయింది.

"ఆపు," అన్నాడు శ్రీకంఠం గారు. దిగి, అడుగులతో కొలిచి, రాసుకున్నాడు. "క్లచ్ మీద కాలు లేని స్థితిలో వాహనం పదకొండు మీటర్లు ప్రయాణించింది."

"ఏం కాలేదుగా సార్," అన్నాడు జోజి.

"అదే ప్రమాదకరం. ఏమీ కాకపోతే రేపు అందరూ తీసేస్తారు."

శ్రీకంఠం గారు మనిషి మంచివాడు. జోజికి ఎట్లాగైనా సాయం చేయాలనే ఆలోచించాడు. చివరికి మార్గం దొరికింది.

"చూడు జోజీ. ఈ కాలు నీ అదుపులో లేదు. నియంత్రణ సాధనం మీద ఉన్న కాలు డ్రైవరు అదుపులోనైనా ఉండాలి, శాఖ అదుపులోనైనా ఉండాలి. నువ్వు దీన్ని విప్పి పెడల్‌కు బోల్టు వేయించు. బరువు బండ్ల వేగం అదుపు చేసే గవర్నర్లకు సీసపు సీలు వేస్తాం చూడు, అటువంటిది నేను వేస్తాను. ఇక అది జారదు. మరిచిపోదు. ఎల్లవేళలా నొక్కే ఉంటుంది."

"మరి నడిచేదెట్టా?" అంది రాహేలు.

ఆయన ఫైలు ఆవిడ వైపు తిప్పాడు. "దరఖాస్తులో ఆయన తోలడానికే అనుమతి అడిగాడమ్మా. నడవడం గురించి ఎక్కడా లేదు. మీరే చూడండి."

మేం ముగ్గురం బయటికొచ్చి బండి నీడలో కూర్చున్నాం.

"ఒప్పుకోబాక," అన్నాను నేను. "రేపు స్టాండు మొత్తం తీసుకొచ్చి గేటు ముందు కూర్చోబెడతా. ధర్నా చేద్దాం."

"నువ్వు ధర్నా చెయ్ అన్నా. నేను బండి తోల్తా," అన్నాడు జోజి.

రాహేలు కొంగుతో ముఖం తుడుచుకుంది. "టీ కొట్టు దాకా నడిచొచ్చి ఎంత ఏడ్చావయ్యా. ఇప్పుడు తీసి ఈళ్ల చేతిలో పెడతావా? మళ్లీ చంకకర్రలేనా?"

"ఏడ్చా. కాదన్లా." జోజి ప్యాంటు పైకి లాగి పట్టీలు విప్పడం మొదలుపెట్టాడు. "ఆ కాలుతో టీ కొట్టు దాకానే పోతా. ఈ బండితో యాడికన్నా పోతా."

చివరి పట్టీ ముడి బిగుసుకుపోతే రాహేలే విప్పిపెట్టింది.

మస్తాన్ వచ్చి రెండు బోల్టులు వేశాడు. వేస్తున్నంత సేపూ ఉర్దూలో ఏదో తిడుతూనే ఉన్నాడు. టాక్సీ డ్రైవరు బూటు వేసుకోవాలన్న నిబంధన ఒకటి ఉంది కనుక ఆ పాదానికి బూటు తొడిగి, లేసు కట్టారు. శ్రీకంఠం గారు తీగ చుట్టి, సీసపు బిళ్ల పెట్టి, పట్టకారుతో నొక్కి సీలు వేశాడు. జిల్లాలో ఇంత శ్రద్ధగా క్లచ్ నొక్కే డ్రైవరు ఇంకొకడు లేడని రిపోర్టులో రాశాడు. ఉత్తర్వు వెలువడింది.

'శ్రీ మేకల జోజి గారి ఎడమ పాదము (ఒకటి, పాదరక్షతో సహా) సదరు వాహనమున అంతర్భాగముగా గుర్తించడమైనది. సీలును భగ్నపరచుట, పాదమును వాహనము నుండి విడదీయుట శిక్షార్హము. చోదకుని పాదములు: రెండు. సక్రమముగా నున్నవి.'

వారం తర్వాత కార్డు తీసుకోవడానికి రమ్మని కబురొచ్చింది. మూడో నంబరు కౌంటరు. స్వయంగా రావాలి. బండి బయట పెట్టి, జోజి రెండు చంకల కింద రెండు కర్రలతో లోపలికి వచ్చాడు. వెనక నేనూ రాహేలూ. కౌంటర్లో ధనకుమారి అని ఒక ఉద్యోగిని. ఫైలు చూసింది. జోజిని చూసింది. కిందికి వంగి ఇంకోసారి చూసింది.

"ఇందులో రెండు కాళ్లు అనుంది. మీకు ఒకటే ఉంది. ఈ జోజి మీరు కాదు."

"రెండోది బండిలో ఉందమ్మా."

"అయితే తీసుకురండి."

"సీలేశారమ్మా. తీస్తే జైలంట."

ఆమె ఉత్తర్వు తెప్పించుకుని చదివింది. వేలు పెట్టి ఒక్కొక్క పదం చదివింది. ఆ ఆఫీసులో ఒక కాగితాన్ని అంత శ్రద్ధగా చదివిన మనిషిని నేను అదే మొదటిసారి చూడటం.

"నిజమే. విడదీయకూడదు అనుంది," అని ఉత్తర్వు వెనక్కి ఇచ్చింది. "విడదీయకుండా తీసుకురండి."

బయటికొచ్చాం. మెట్ల పక్కన వికలాంగుల కోసం కట్టిన సిమెంటు వాలు ఉంది. కాంట్రాక్టరు ఎందుకో దాన్ని లారీ పట్టేంత వెడల్పు కట్టాడు. దాని నిండా సిబ్బంది స్కూటర్లు. నేను ఒక్కొక్కటీ లాగి పక్కన పెట్టాను. ఒకటి రెండు పడ్డాయి. హాలు తలుపులు రెండు రెక్కలూ బార్లా తెరిచాను. ఎవరయ్యా నువ్వు అని ప్యూను అడిగితే, ఆఫీసు పని మీద అన్నాను. తప్పుకున్నాడు.

జోజి బండెక్కాడు. కర్రలు రాహేలు ఒళ్లో పెట్టుకుంది. గేర్ల బండి అయితే ఆ ఎత్తు మీద క్లచ్ సగం వదిలి, బ్రేకు పట్టి, నానా తంటాలు పడాలి. ఇది ఊపిరి బిగబట్టినట్టు నెమ్మదిగా, ఒక్క అంగుళం వెనక్కి జారకుండా ఎక్కేసింది. గుమ్మం దాటింది. వరసలో ఉన్న జనం గోడలకు అంటుకున్నారు. ఎవరో ముసలాయన దండం పెట్టాడు. అంబాసిడర్ మూడో నంబరు కౌంటరు ముందుకొచ్చి ఆగింది.

తన గది లోంచి శ్రీకంఠం గారు పరిగెత్తుకొచ్చాడు. అందరం ఆయన్నే చూశాం. ఆయన మాత్రం నేరుగా డ్రైవరు తలుపు దగ్గరకు పోయి, వంగి, లోపల బూటునూ తీగనూ బిళ్లనూ పరీక్షించాడు.

"సీలు భద్రంగా ఉంది," అన్నాడు ధనకుమారితో.

ఆమె కౌంటరు వెనక నుంచి ఇవతలికి వచ్చింది. తలుపు లోంచి తొంగిచూసి లెక్కపెట్టుకుంది. కుడిది ఒకటి, ఎడమది ఒకటి.

"ఇప్పుడు సరిపోయింది," అని రిజిస్టరు కిటికీ లోంచి అందించింది. జోజి స్టీరింగు మీద పెట్టుకుని సంతకం చేశాడు. సంతకం పక్కన 'హాజరైన విధము' అని ఒక గడి ఉంది. అందులో ఆమె రాసింది నేను భుజం మీదుగా చదివాను. 'స్వయముగా, రెండు కాళ్లతో.'

కార్డు చేతికొచ్చింది. జోజి దాన్ని రెండుసార్లు తిప్పి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఇక వెనక్కి తీసుకోండి. లైను ఆగిపోయింది," అంది ధనకుమారి.

జోజి రివర్సు వేశాడు. శ్రీకంఠం గారు బండి వెనక్కి పోయి, జనాన్ని తప్పించి, రానీ రానీ అని చెయ్యి ఊపుతూ గుమ్మం దాటించాడు. వాలు దిగబోతుంటే ఒక్క క్షణం బండి ఆపి, కిటికీ దగ్గరికి వచ్చాడు.

"జోజీ, క్లచ్ నొక్కే ఉందిగా?"

"నొక్కే ఉంది సార్. పడుకున్నప్పుడు గూడా."

ఆయనకు ఎంతో ఊరట కలిగింది. బండి రోడ్డెక్కింది. ఇంటికెళ్లి చర్చిలో కొవ్వొత్తి వెలిగిద్దామని రాహేలు పొద్దుటి నుంచీ అంటూనే ఉంది. జోజి ఇంటి వైపు తిప్పలేదు. తిన్నగా టాక్సీ స్టాండుకు పోయి, వరసలో అందరికన్నా చివర బండి పెట్టి, కిటికీ మీద మోచెయ్యి ఆనించి, బేరం కోసం కూర్చున్నాడు.